ఫ్యాన్ తిరుగుతుంది, బొమ్మ రాదు: తప్పు సెట్టింగులోనా, బోర్డులోనా?

డెస్క్‌టాప్ కంప్యూటర్ల రిపేరులో అన్నిటికన్నా తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, మానిటర్ మాత్రం 'నో సిగ్నల్' అని చూపించి ఆరిపోతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి మండల కేంద్రంలోని ఒంటి గది సర్వీసు దుకాణం దాకా దీన్ని 'నో డిస్‌ప్లే' కేసు అంటారు. చాలాచోట్ల దానికి దొరికే జవాబు రెండు మాటల్లో ముగుస్తుంది: బోర్డు పోయింది. బోర్డంటే భాగాలన్నిటినీ తగిలించే మదర్‌బోర్డు. ఆ తీర్పు కొన్నిసార్లు నిజమే. కానీ ఇదే చీకటి తెర అయిపోయిన గుండ్రటి సెల్లు వల్ల రావచ్చు, స్లాటులో సరిగా కూర్చోని ర్యామ్ వల్ల రావచ్చు, యంత్రాన్ని లేపే తొలి ప్రోగ్రామ్ అయిన బయోస్‌లో ఎవరో మార్చిన ఒక్క సెట్టింగు వల్ల రావచ్చు, నిజంగానే దెబ్బతిన్న ప్రాసెసర్ వల్లా రావచ్చు. ఇన్ని కారణాలకు లక్షణం ఒక్కటే అయినప్పుడు, లక్షణాన్ని చూసి కారణాన్ని ఊహించడం కుదరదు. యంత్రం ఏ దశ వరకు వచ్చి ఆగిందో కనిపెట్టి అక్కడ వెతకాలి. సెట్టింగుల తప్పును హార్డ్‌వేర్ తప్పు నుంచి విడదీసే దారి కూడా అదే.

ఆ దశలు ఇలా సాగుతాయి. గోడ స్విచ్ వేయగానే, పవర్ బటన్ ముట్టుకోకముందే, ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై పెట్టె) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా ఊదారంగు తీగ గుండా బోర్డుకు చేరుతుంది. క్యాబినెట్ ముందున్న బటన్ చేసే పని చాలా చిన్నది. బోర్డు అంచున ఉన్న రెండు పిన్నులను క్షణం పాటు కలుపుతుంది, అంతే. దాన్ని గమనించిన బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండ్‌కు కలిపి, పూర్తి సరఫరా ఇమ్మని ఎస్ఎంపీఎస్‌ను అడుగుతుంది. 12, 5, 3.3 వోల్టుల సరఫరాలు నిలకడకు వచ్చాక, అర సెకను మించని వ్యవధిలో, బూడిదరంగు తీగ మీద 'పవర్ గుడ్' అనే సంకేతం వస్తుంది. అది అందేవరకు బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్‌లోనే ఆపి ఉంచుతుంది. ఆ తరువాతే బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో ఉన్న బయోస్ నడవడం మొదలవుతుంది. అప్పటికి ర్యామ్ ఇంకా పనిలోకి రాలేదు. ఇంటెల్ యంత్రాలలో ప్రాసెసర్ క్యాష్‌నే తాత్కాలిక ర్యామ్‌గా వాడుకుని, ఏఎండీ రైజెన్ యంత్రాలలో ప్రాసెసర్ లోపలే ఉన్న మరో చిన్న ప్రాసెసర్ చేత, ర్యామ్ స్టిక్కు మీది బుల్లి చిప్‌లో రాసి ఉన్న వివరాలు చదివించి, దాన్ని ఏ వేగంతో, ఏ వోల్టేజితో నడపాలో బయోస్ నిర్ణయిస్తుంది. ర్యామ్ సిద్ధమయ్యాక గ్రాఫిక్స్ వంతు వస్తుంది. మానిటర్ మీద మొదటి బొమ్మ కనిపించేది ఆ తరువాతే. డిస్కులు, వాటి మీద ఉన్న విండోస్ లేదా లినక్స్ అన్నిటికన్నా చివర.

కాబట్టి తెర చీకటిగా ఉందంటే గ్రాఫిక్స్ దశో, దానికి ముందున్న దశల్లో ఏదో ఒకటో పూర్తికాలేదని అర్థం. పంట కాలువకు నీళ్లు వదిలినప్పుడు చివరి పొలం రైతు తన మడిలో నిలబడి చూస్తూ ఉండడు. గట్టు వెంట పైకి నడిచి తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటాడు. ఇక్కడ చేయాల్సిందీ అదే. ఫ్యాన్లు తిరగడానికి మనవాళ్లు ఇచ్చే విలువ మాత్రం మరీ ఎక్కువ. 12 వోల్టులు బోర్డు మీదికి వచ్చాయన్న సంగతి తప్ప ఫ్యాన్ ఇంకేమీ చెప్పదు. ప్రాసెసర్ ఒక్క ఆదేశం కూడా నడపకపోయినా ఫ్యాన్ నిక్షేపంగా తిరుగుతుంది.

ఎక్కడ ఆగిందో చెప్పడానికి ఈమధ్యకాలపు బోర్డుల మీద ఒక మూల వరుసగా నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఆసుస్ వాటిని క్యూ-ఎల్ఈడీ అంటుంది, ఎంఎస్ఐ ఈజీ డీబగ్ ఎల్ఈడీ అంటుంది. పేర్లు వేరైనా ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అనే నాలుగు దశలే వాటి అర్థం. ఏ లైటు ఆరిపోకుండా నిలిచిపోయిందో బోర్డు ఆ దశలో చిక్కుకుందన్నమాట. మరీ చవక బోర్డుల్లో ఈ లైట్లు ఉండవు. అలాంటప్పుడు స్పీకర్ అని రాసి ఉన్న పిన్నులకు తగిలించే చిన్న బజర్ పనికొస్తుంది. పాత అవార్డ్ బయోస్ ఉన్న బోర్డులో ఒక పొడవాటి కూత, వెంటనే రెండు పొట్టి కూతలు వినిపిస్తే గ్రాఫిక్స్ దగ్గర ఆగిందని అర్థం. కూతల లెక్క ఒక్కో బయోస్‌కు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ఆ బోర్డు మాన్యువల్ చూడనిదే ఏ తీర్మానానికీ రాకూడదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. లైటు చెప్పేది ఆగిన చోటును మాత్రమే, చెడిపోయిన భాగాన్ని కాదు. ర్యామ్ లైటు వెలిగిందని కొత్త ర్యామ్ కొని తెచ్చినవారికి మళ్లీ అదే లైటు ఎదురవడం మామూలే. ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ చాలా ఏళ్లుగా ప్రాసెసర్ లోపలే ఉంటోంది. స్లాట్ల నుంచి వచ్చే సన్నని దారులన్నీ సాకెట్ పిన్నుల గుండానే దానికి చేరాలి. ఇంటెల్ సాకెట్‌లో వెంట్రుకలంత సన్నగా, వెయ్యికి మించి ఉండే స్ప్రింగు పిన్నుల్లో ఒక్కటి వంగినా ఒక వైపు స్లాట్లన్నీ పనిచేయకుండా పోవచ్చు. కూలర్‌ను ఒక మూల మరీ బిగించి, ఎదురు మూల వదులుగా వదిలేసినా ఇదే జరుగుతుంది. కాబట్టి ఒక స్టిక్కు ఒక జత స్లాట్లలో పనిచేసి, అదే స్టిక్కు మరో జతలో పనిచేయకపోతే, ర్యామ్‌ను వదిలేసి కూలర్ తీసి, మొబైల్ టార్చ్ వెలుతురులో సాకెట్‌ను ఏటవాలుగా చూడాలి. వంగిన పిన్ను చుట్టుపక్కల వాటికన్నా భిన్నంగా మెరుస్తుంది.

అంత దూరం వెళ్లేముందు ఖర్చులేని పరీక్షలు కొన్ని ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని, మానిటర్ కేబుల్‌ను మాత్రం బోర్డు వెనకనున్న హెచ్‌డీఎంఐకి తగిలించినవారు తక్కువేమీ కాదు. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ వంటి పేరు చివర 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్లలో, రైజెన్ 5 5600 వంటి వాటిలో గ్రాఫిక్స్ భాగమే లేదు. అక్కడ బోర్డు వెనకనున్న హెచ్‌డీఎంఐ అలంకారానికే. బోర్డు పైమూల ప్రాసెసర్‌కు విడిగా ఇవ్వాల్సిన నాలుగు లేదా ఎనిమిది పిన్నుల పవర్ కనెక్టర్ పెట్టడం మరిచిపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, బొమ్మ రాదు.

ర్యామ్ విషయంలో కాస్త ఆగాలి, ఎందుకంటే 'నో డిస్‌ప్లే' కేసుల్లో పెద్ద వాటా దానిదే. ర్యామ్ తీసి, బంగారుపూత ఉన్న అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టడం మన దుకాణాల్లో తరతరాలుగా వస్తున్న విద్య. దానితో యంత్రం లేవడం నిజమే, కానీ అందులో రబ్బరు గొప్పతనం కన్నా తీసి పెట్టడం గొప్పతనమే ఎక్కువని నా అభిప్రాయం. ఆ పూత చాలా పలుచన. ప్రతిసారీ రుద్దితే అరిగిపోతుంది, రబ్బరు పొడి స్లాటులోకి రాలుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కతో తడిపిన మెత్తటి గుడ్డ చాలు. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్కులే ఉంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దానిలో, నాలుగో దానిలో పెట్టమనే దాదాపు అన్ని మాన్యువళ్లూ చెబుతాయి. పక్కపక్కన పెడితే కొన్ని బోర్డులు లేవనే లేవవు, లేచినవాటిలో ర్యామ్ నుంచి డేటా వచ్చే వేగం సగానికి పడిపోవచ్చు.

ర్యామ్‌లో కొత్త తరమైన డీడీఆర్5 వచ్చాక ఇంకో కొత్త తికమక చేరింది. ఏఎం5 సాకెట్ ఉన్న రైజెన్ యంత్రంలో కొత్త ర్యామ్ పెట్టినప్పుడు గానీ, బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు గానీ, సెట్టింగులు చెరిపినప్పుడు గానీ, బోర్డు ఆ ర్యామ్‌ను ఎలా నడపాలో ఒక్కొక్క విలువా ప్రయత్నించి చూసుకుంటుంది. దీన్నే ట్రెయినింగ్ అంటారు. ఆ సమయంలో తెర చీకటిగా ఉంటుంది, ర్యామ్ లైటు వెలుగుతుంది, ఇదంతా కొన్ని నిమిషాలు సాగవచ్చు. యజమాని అరనిమిషం చూసి, కంగారుపడి బటన్ నొక్కి ఆపేస్తాడు. మళ్లీ ఆన్ చేస్తే ట్రెయినింగ్ మొదటినుంచి మొదలవుతుంది. బాగున్న యంత్రం ఈ లెక్కన రోజంతా 'చెడిపోయి' ఉండగలదు. కొత్తగా కూర్చిన డీడీఆర్5 యంత్రాన్ని మొదటిసారి ఆన్ చేశాక పావుగంట పాటు ముట్టుకోకపోవడమే మంచి రిపేరు.

ర్యామ్ పెట్టె మీద ముద్రించిన వేగం గురించి కూడా చెప్పాలి. 3600 అని రాసి ఉన్న డీడీఆర్4 స్టిక్కు దానంతటది సాధారణంగా 2133 లేదా 2666 దగ్గర నడుస్తుంది. ముద్రించిన వేగం రావాలంటే బయోస్‌లో ఇంటెల్ రూపొందించిన ఎక్స్ఎంపీని గానీ, డీడీఆర్5 అయితే 2022లో ఏఎండీ తెచ్చిన ఎక్స్‌పోను గానీ ఆన్ చేయాలి. ఇది ఒక రకంగా ఓవర్‌క్లాకింగే, అంటే మామూలు వేగానికి మించి నడపడమే. ఒక ప్రాసెసర్‌లోని కంట్రోలర్ దాన్ని మోస్తుంది, మరొకటి మోయలేదు. రెండు స్టిక్కులతో కుదిరింది నాలుగు స్టిక్కులతో కుదరకపోవచ్చు. అందువల్ల ఆటల మధ్యలో యంత్రం పడిపోవడం, పెద్ద ఫైళ్లు కాపీ చేస్తే పాడైపోవడం, నీలి తెర రావడం కనిపించినప్పుడు, ఏ భాగాన్నీ నిందించకముందే ఎక్స్ఎంపీ ఆపి, మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత పరీక్షను రాత్రంతా నడిపి చూడాలి. ఎక్స్ఎంపీ ఆపితే తప్పులు పోయాయంటే ర్యామ్ చెడలేదు, సెట్టింగే దాని తాహతుకు మించినది. ఆపినా తప్పులు వస్తున్నాయంటే ఒక్కో స్టిక్కును విడిగా పరీక్షించాలి.

సెల్లు అయిపోతే విండోస్ ఎందుకు లేవదు

బోర్డు మీద రూపాయి బిళ్లలా కనిపించే సీఆర్2032 సెల్లుది 3 వోల్టులు. 1981 నాటి తొలి ఐబీఎం పీసీలో దానికి పనే లేదు. యంత్రంలో ఏమేమి ఉన్నాయో బోర్డు మీది బుల్లి స్విచ్‌లను పైకీ కిందికీ జరిపి చెప్పేవారు. 1984లో వచ్చిన పీసీ ఏటీలో ఆ వివరాలను, తేదీని, గడియారాన్ని బ్యాటరీ మీద నడిచే 64 బైట్ల చిన్న మెమరీ చిప్‌లో పెట్టారు. సీమాస్ అన్న మాట అప్పటినుంచే మన నోట నిలిచింది. నేటి బోర్డుల్లో చాలా సెట్టింగులు ఫ్లాష్ చిప్‌లోనే భద్రంగా ఉంటున్నా, గడియారం మాత్రం ఇప్పటికీ సెల్లు మీదే ఆధారపడుతుంది; సెల్లు పూర్తిగా దిగిపోయిందని గమనిస్తే చాలా బోర్డులు సెట్టింగులనూ ఫ్యాక్టరీ విలువలకు మార్చేస్తాయి.

గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ గడియారానికి స్టాండ్‌బై సరఫరా అందుతుంది కాబట్టి సెల్లు దాదాపు ఖర్చు కాదు. మన ఇళ్లలో, బడులలో, కార్యాలయాలలో సాయంత్రం కాగానే గోడ దగ్గరే స్విచ్ కట్టేయడం అలవాటు. వేసవి సెలవుల్లో నెలన్నర పాటు మూసి ఉన్న బడి కంప్యూటర్ గది జూన్‌లో తెరిచినప్పుడు సగం యంత్రాలు ఎఫ్1 నొక్కమని అడుగుతూ నిలబడటానికి కారణం ఇదే. గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తుంది. అప్పుడు బ్రౌజర్ తెరిస్తే ప్రతి వెబ్‌సైటూ భద్రం కాదని హెచ్చరిస్తుంది, ఎందుకంటే ఆ సైట్ల సర్టిఫికెట్లు యంత్రం లెక్కలో ఇంకా పుట్టనే లేదు. నెట్ బాగాలేదని నెట్ వాళ్లకు ఫోన్ చేస్తారు; తప్పు సెల్లుది.

అంతకన్నా ఖరీదైన పొరపాటు ఇంకొకటి. హార్డ్‌డిస్క్‌తో బోర్డు ఏ పద్ధతిలో మాట్లాడాలో బయోస్‌లో ఒక సెట్టింగు ఉంటుంది: ఐడీఈ, ఏహెచ్‌సీఐ, రెయిడ్. 2011లో వచ్చి ఈనాటికీ మన ఊళ్లలో నడుస్తున్న హెచ్61 తరం బోర్డుల్లో చాలావాటికి ఫ్యాక్టరీ విలువ ఐడీఈ. కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో అది రెయిడ్. కొన్నప్పుడు ఎవరో తెలిసినవారు దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చి విండోస్ ఎక్కించి ఉంటారు. విండోస్ ఏ పద్ధతిలో ఎక్కిందో ఆ డ్రైవర్‌నే మొదట వెతుక్కుంటుంది. కొన్నేళ్లకు సెల్లు అయిపోతుంది, సెట్టింగు ఫ్యాక్టరీ విలువకు పోతుంది, మరుసటి ఉదయం విండోస్ లోగో కనిపించీ కనిపించకముందే 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అన్న నీలి తెర వస్తుంది. చూసినవాడికి అది హార్డ్‌డిస్క్ చెడినట్టో, విండోస్ పాడైనట్టో కనిపిస్తుంది. ఫార్మాట్ కొడతారు. ఫార్మాట్ కొట్టి కొత్తగా ఎక్కించిన విండోస్ ఆ కొత్త పద్ధతికే అలవాటుపడుతుంది కాబట్టి యంత్రం లేస్తుంది, రోగం కుదిరినట్టే ఉంటుంది. పదేళ్ల ఫోటోలు, లెక్కల ఫైళ్లు పోతాయి. నిజానికి కావలసింది కొత్త సెల్లు, బయోస్‌లో ఒక్క వరుస మార్పు. యంత్రం తేదీ తప్పుగా ఉండి, అదే రోజు విండోస్ లేవడం మానేస్తే, ఫార్మాట్ అన్న మాట ఎత్తకముందు ఈ వరుసను ఒకసారి చూడమని గట్టిగా చెప్పాల్సి ఉంది.

దీనికి కొత్తకాలపు రూపం కూడా ఉంది. ఇంటెల్ 11వ తరం, ఆ తరువాతి కొన్ని యంత్రాలలో వీఎండీ అనే డిస్క్ సెట్టింగు ఆన్‌లో ఉంటే విండోస్ ఇన్‌స్టాలర్‌కు ఎస్ఎస్‌డీ అసలు కనిపించదు. కొత్త ఎస్ఎస్‌డీ చెడిపోయి వచ్చిందని వెనక్కి పంపేవారున్నారు. ఇంటెల్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో ఇస్తే గానీ, వీఎండీని ఆపితే గానీ అది కనిపిస్తుంది. అలాగే బోర్డు మీది ఒక ఎం.2 స్లాటులో ఎస్ఎస్‌డీ పెట్టగానే పాత హార్డ్‌డిస్క్ మాయమైతే, ఆ స్లాటూ ఆ సాటా పోర్టూ ఒకే దారిని పంచుకుంటున్నాయేమో మాన్యువల్‌లో చూడాలి. హార్డ్‌డిస్క్ కేబుల్‌ను పక్క పోర్టుకు మారిస్తే సరిపోతుంది.

సెక్యూర్ బూట్, సీఎస్ఎం, టీపీఎం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 కోసం టీపీఎం 2.0 (రహస్య తాళాలను భద్రపరిచే చిప్ లేదా ప్రాసెసర్‌లోని ఏర్పాటు) కావాలి, కొన్ని ఆన్‌లైన్ ఆటలు సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌నే లేవనిచ్చే సెట్టింగు) ఆన్‌లో లేనిదే తెరుచుకోవడం లేదు. దీంతో బయోస్ మొహం ఎన్నడూ చూడనివారు కూడా వీడియో చూసి అందులోకి వెళ్తున్నారు. టీపీఎంను ఆన్ చేయడం వరకు సులువే. ఇంటెల్ బోర్డులో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. చిక్కు సెక్యూర్ బూట్‌తోనే వస్తుంది, ఎందుకంటే దానికోసం సీఎస్ఎం అనే పాత పద్ధతిని ఆపాలి.

సీఎస్ఎం అంటే పాత బయోస్ కాలపు విండోస్‌లను, పాత కార్డులను యూఈఎఫ్ఐ అనే కొత్త తరం బయోస్ ఉన్న బోర్డు మీద నడిపించే ఏర్పాటు. దాన్ని ఆపగానే రెండు రకాలుగా దెబ్బ తగలవచ్చు. మొదటిది, విండోస్ ఉన్న డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించినదైతే బోర్డుకు అది బూటయ్యే డిస్క్‌గా కనిపించదు. డేటా ఎక్కడికీ పోలేదు, సీఎస్ఎం మళ్లీ ఆన్ చేస్తే విండోస్ వస్తుంది. 2017 నుంచి విండోస్‌తోనే వస్తున్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనంతో, బ్యాకప్ తీసుకున్నాక, ఫార్మాట్ లేకుండానే డిస్క్‌ను మార్చుకోవచ్చు. రెండోది ఇంకా భయపెట్టేది. పదేళ్లు దాటిన గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావాటికి యూఈఎఫ్ఐ అర్థంచేసుకునే ప్రోగ్రామ్ లేదు. సీఎస్ఎం ఆపి సేవ్ చేయగానే అలాంటి కార్డు మీద బొమ్మ రాదు, బయోస్‌లోకి తిరిగి వెళ్లే దారీ కనిపించదు. కార్డు కాలిపోయిందన్న అనుమానం సహజం. పవర్ కేబుల్ పీకి, సెట్టింగులు చెరిపే జంపర్ పిన్నులను కలిపితే, లేదా సెల్లు తీసి కొన్ని నిమిషాలు ఆగితే, చాలా బోర్డులు పాత స్థితికి వస్తాయి.

చెరిపేముందు ఒక జాగ్రత్త ఉంది. విండోస్ 11 కొత్త వెర్షన్లను మైక్రోసాఫ్ట్ ఖాతాతో తాజాగా ఎక్కించినప్పుడు చాలా యంత్రాలలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ అడగకుండానే ఆన్ అవుతుంది. ఆ తాళం టీపీఎంలో ఉంటుంది. బయోస్ అప్‌డేట్ చేసినా, ప్రాసెసర్ మార్చినా, టీపీఎంను చెరిపినా, విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఏఎండీ బోర్డు కొత్త ప్రాసెసర్ చూసి ఎఫ్‌టీపీఎంను రీసెట్ చేయాలా అని అడిగినప్పుడు ఆలోచించకుండా 'వై' నొక్కేవారు, ఆ కీ తమ ఖాతాలో ఉందో లేదో ముందే చూసుకోవడం మంచిది. అది లేకపోతే డేటాను ఏ దుకాణమూ తిరిగి తీయలేదు.

బయోస్ అప్‌డేట్ విషయంలో పాత తరం టెక్నీషియన్లు చెప్పేది ఒకటే: నడుస్తున్నదాన్ని ముట్టుకోకు. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోయే రోజుల్లో అది మంచి సలహానే. కానీ ఇప్పుడు అప్‌డేట్ చేయకపోవడమే 'నో డిస్‌ప్లే'కు కారణమవుతున్న సందర్భాలున్నాయి. 2018లో వచ్చిన బి450 బోర్డు పాత స్టాకు నుంచి వచ్చి ఉంటే, దానికి 2020 తరువాతి రైజెన్ 5000 ప్రాసెసర్ ఎవరో తెలియదు. 12వ తరంతో పాటు వచ్చిన హెచ్610 బోర్డులో 13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్ పెట్టినా అంతే. రెండూ కొత్తవే, రెండూ బాగున్నవే, కలిస్తే చీకటి. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డులో ప్రాసెసర్ అవసరం లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయవచ్చు. లేకపోతే పాత ప్రాసెసర్ ఉన్న దుకాణానికి వెళ్లక తప్పదు. ఏ పద్ధతైనా యూపీఎస్ మీదే చేయాలి.

సెట్టింగే హార్డ్‌వేర్‌ను చెడగొట్టినప్పుడు

ఇంతవరకు సెట్టింగుల తప్పు సరిదిద్దుకోదగినదిగా, హార్డ్‌వేర్ తప్పు డబ్బు ఖర్చయ్యేదిగా చెప్పుకున్నాం. ఆ గీత చెరిగిపోయిన ఉదంతాలు ఈమధ్యే రెండు జరిగాయి. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7 7800ఎక్స్3డి వంటి కొన్ని ప్రాసెసర్లు సాకెట్‌లోనే ఉబ్బి కాలిపోయాయి. ఎక్స్‌పో ఆన్ చేయగానే కొన్ని బోర్డులు ప్రాసెసర్‌లో ర్యామ్ కంట్రోలర్ వంటివి ఉండే ఎస్ఓసీ భాగానికి అవసరానికి మించిన వోల్టేజి ఇచ్చాయి. దాన్ని 1.3 వోల్టులకు మించనివ్వకుండా ఏఎండీ కొత్త బయోస్ కోడ్‌తో కట్టడి చేయించింది.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల కథ ఇంకా చుట్టుతిరిగినది. ఆటలు తెరిచేటప్పుడు గ్రాఫిక్స్ మెమరీ చాలడం లేదన్న సందేశంతో అవి మూతపడేవి. మెమరీ అన్నారు కాబట్టి జనం గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు, డ్రైవర్లు మార్చారు, కొందరు కార్డులే మార్చారు. చెడుతున్నది ప్రాసెసర్. 2024లో ఇంటెల్ తేల్చిందేమిటంటే, అవసరానికి మించిన వోల్టేజి వల్ల ప్రాసెసర్ లోపలి క్లాక్ సర్క్యూట్ క్రమంగా అరిగిపోయి, నిలకడగా నడవడానికి అంతకంతకూ ఎక్కువ వోల్టేజి కోరుకుంటోంది. దీనికి తోడు కొన్ని బోర్డులు ఫ్యాక్టరీ నుంచే పవర్ పరిమితిని 4096 వాట్లుగా, అంటే పరిమితి లేనట్టుగా పెట్టి అమ్మాయి. అదే తరం ఐ9కు ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 253 వాట్లు. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో బయోస్‌తో పాటు వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) అప్‌డేట్లు అరుగుదలను అరికడతాయి గానీ, అప్పటికే అరిగిన ప్రాసెసర్‌ను బాగుచేయలేవు. అందుకే ఆ ప్రాసెసర్లకు ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. మీ యంత్రంలో ఈ తరాల ఐ7, ఐ9 ఉండి బయోస్ 2024 చివరి భాగం కన్నా పాతదైతే, ఏ లక్షణమూ లేకపోయినా అప్‌డేట్ చేయాల్సిందే.

నడుస్తూ నడుస్తూ యంత్రం ఉన్నట్టుండి ఆగి మళ్లీ లేస్తుంటే, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 'కర్నెల్-పవర్ 41' అని ఒక నమోదు కనిపిస్తుంది. పవర్ అన్న మాట చూసి ఎస్ఎంపీఎస్ మార్చేస్తారు. ఆ నమోదు చెప్పేది, ముందటిసారి యంత్రం పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. ఎందుకో అది చెప్పదు. దానికి దగ్గరలో 'వీయా-లాగర్' పేరుతో నమోదు ఉంటే ప్రాసెసర్, బోర్డు వైపు చూడాలి. ఏ నమోదూ లేకుండా బరువైన ఆట ఆడుతున్నప్పుడే ఆగుతుంటే ఎస్ఎంపీఎస్ మీద అనుమానం న్యాయమే. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లని ముద్రించి ఉంటుంది గానీ, అంత ఇచ్చేవి అరుదు. 12 వోల్టుల తీగ మీద మల్టీమీటర్ పెడితే 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి, అదీ యంత్రం బరువు మోస్తున్నప్పుడు. ఆకుపచ్చ, నల్ల తీగలను కలిపి ఫ్యాన్ తిరిగిందని చూపించే దుకాణపు పరీక్ష ఎస్ఎంపీఎస్ బతికుందని చెబుతుంది, బలంగా ఉందని చెప్పదు.

ఎండాకాలంలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం ఆగిపోయి, రాత్రి మామూలుగా నడిచే యంత్రానికి మాత్రం ముందు వేడే చూడాలి. ఇంటెల్ పెట్టెలో వచ్చే కూలర్ నాలుగు ప్లాస్టిక్ పుష్ పిన్నుల మీద నిలుస్తుంది. వాటిలో ఒకటి పూర్తిగా దిగకపోతే కూలర్ ఒక పక్కకు లేచి ఉండి, బయోస్ తెర మీదే ప్రాసెసర్ వేడి కళ్లముందే పెరుగుతూ కనిపిస్తుంది. క్యాబినెట్‌ను తాకితే జివ్వుమంటోందంటే అది వేరే సంగతి. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్తింగ్ లేని ఇంట్లో క్యాబినెట్ దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి మనిషికి జివ్వుమనడంతో పోతుంది గానీ, ఆ స్థితిలో టీవీకో ప్రింటర్‌కో కేబుల్ తగిలిస్తే పోర్టులు దెబ్బతినవచ్చు. బోర్డులు ఏడాదికొకటి చొప్పున పోతున్న ఇంట్లో బోర్డు కంపెనీని మార్చడం కన్నా ఎలక్ట్రీషియన్‌ను పిలవడం మేలు.

ఇవన్నీ చూశాక కూడా చీకటే ఉంటే, అప్పుడు బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీయాలి. దాని అట్టపెట్టె మీదే పెట్టి, బోర్డును చుట్టి ఇచ్చే వెండిరంగు కవరు మీద కాకుండా, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్కు మాత్రం ఉంచి, పవర్ స్విచ్ పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో తాకించాలి. ఆ వెండి కవరు పైపొర విద్యుత్తును ప్రవహింపజేయవచ్చు. బయట లేచి లోపల లేవకపోతే, బోర్డు కింద అక్కర్లేని చోట ఉన్న ఇత్తడి స్టాండఫో (బోర్డును ఎత్తి నిలిపే చిన్న కాలు), జారిపడిన స్క్రూనో, ఎండి అంటుకుపోయిన బల్లో షార్ట్ చేస్తోందన్నమాట. బయట కూడా లేవకపోతే మిగిలింది మార్చి చూడటమే: నడుస్తున్న మరో ఎస్ఎంపీఎస్, నడుస్తున్న మరో ర్యామ్, వీలైతే మరో ప్రాసెసర్, ఒకసారికి ఒక్కటి చొప్పున. రెండు ఒకేసారి మార్చి యంత్రం లేస్తే, ఏది చెడిందో తెలియకుండానే బిల్లు కడతాం. చెడిన బోర్డులో మంచి ప్రాసెసర్ పెట్టి పరీక్షించడంలో ప్రమాదం ఉంది; వోల్టేజి ఇచ్చే భాగమే షార్ట్ అయి ఉంటే అది రెండో ప్రాసెసర్‌నూ బలి తీసుకోగలదు. కాబట్టి అనుమానపు ప్రాసెసర్‌ను మంచి బోర్డులో పెట్టి చూడటమే సరైన వరుస.

ఇక బోర్డే పోయిందని ఇలా తేలితే, అదే సాకెట్ బోర్డు దొరుకుతుందా అన్నది అసలు ప్రశ్న. పాత తరాలకు పేరుమోసిన కంపెనీలు బోర్డులు తయారుచేయడం మానేశాయి. దొరికేవి వాడినవో, పాత చిప్‌సెట్‌లతో కొత్తగా కూర్చినవో. చిప్ లెవెల్ సర్వీసులో బోర్డును బాగుచేయించడం ఖరీదైన బోర్డుకు గిట్టుబాటు అవుతుంది, హెచ్61కు కాదు. బోర్డు మార్చినప్పుడు యంత్రంతో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్సు పాత బోర్డుతోనే పోతుంది, విడిగా కొన్న రిటైల్ లైసెన్సు కొత్త బోర్డుకు మారుతుంది. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉంటే టీపీఎం కూడా పాత బోర్డుతోనో, పాత ప్రాసెసర్‌తోనో వెళ్లిపోతుంది కాబట్టి, ఆ 48 అంకెల కీని యంత్రం దుకాణానికి వెళ్లకముందే మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి కాగితం మీద రాసి ఉంచుకోవాలి.